సరిహద్దు సరస్సుల నీటి నాణ్యత పరిరక్షణ

రెండు లేదా అంతకు మించిన దేశాల భూభాగాలు ఒడ్డుగా ఉన్న సరస్సును సరిహద్దు సరస్సు అంటారు. ఆ నీరు తాగడానికి, చేపల వేటకు, ఈతకు, జలచరాల మనుగడకు పనికివచ్చేలా ఉంచేందుకు ఒడ్డు దేశాలు కలిసి చేసుకునే చట్టపరమైన, శాస్త్రీయమైన, పాలనాపరమైన ఏర్పాట్లు ఈ వ్యాస విషయం. ఎవరి వాటా ఎంత అన్నది నీటి పంపకానికి సంబంధించిన ప్రశ్న. ఉన్న నీరు ఎలా ఉందన్నది నాణ్యతకు సంబంధించిన ప్రశ్న. ఈ రెండూ తరచు ముడిపడి వస్తాయి. ఇక్కడ రెండోదాన్నే పరిశీలిస్తాం.

ఈ రంగంలో అందరూ ముందుగా చెప్పుకొనే ఉదాహరణ అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడాల మధ్య ఉన్న ఉత్తర అమెరికా మహా సరస్సులు. వందేళ్లకు పైగా ఒప్పందాలు, సర్వేలు, వైఫల్యాలు, విజయాలు అన్నీ అక్కడ నమోదై ఉన్నాయి. అందుకే వ్యాసంలో ఎక్కువ భాగం వాటికే, అందులోనూ ఈరీ సరస్సుకే దక్కింది.

సరస్సుల భౌతిక స్వభావం

సుపీరియర్, మిషిగన్, హ్యూరన్, ఈరీ, ఒంటారియో అనే ఐదింటినీ కలిపి మహా సరస్సులంటారు. మొత్తం వైశాల్యం సుమారు 2,44,000 చ.కి.మీ. భూమి ఉపరితలం మీద ద్రవరూపంలో ఉన్న మంచినీటిలో దాదాపు ఐదో వంతు ఇక్కడే ఉంది. వీటిలో మిషిగన్ పూర్తిగా అమెరికా భూభాగంలో ఉంటుంది. మిగిలిన నాలుగింటి నడుమ నుంచి సరిహద్దు రేఖ పోతుంది. డెట్రాయిట్, షికాగో, క్లీవ్‌లాండ్, టొరంటో నగరాలకు ఈ సరస్సులే తాగునీటి ఆధారం. అక్కడ స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాల కుళాయిల్లో వచ్చేది కూడా ఈ నీరే.

నదిలో పడ్డ మురికి కిందికి కొట్టుకుపోతుంది. సరస్సులో అలా జరగదు. సరస్సులోని నీరంతా ఒకసారి మారడానికి పట్టే కాలాన్ని నిలవ కాలం అంటారు. సుపీరియర్‌కు అది సుమారు 190 ఏళ్లు, ఒంటారియోకు 6 ఏళ్లు, ఈరీకి రెండున్నర ఏళ్లకు కాస్త ఎక్కువ. సుపీరియర్‌లో కలిసిన విషపదార్థం కొన్ని తరాలపాటు అక్కడే తిరుగుతుంది. ఈరీ త్వరగా పాడవుతుంది, శ్రద్ధ పెడితే అంతే త్వరగా కోలుకుంటుంది. సుపీరియర్ గరిష్ఠ లోతు 406 మీటర్లు కాగా ఈరీ సగటు లోతు 19 మీటర్లే కావడం దీనికి ఒక కారణం. లోతు తక్కువ, చుట్టూ పొలాలు, నగరాలు ఎక్కువ. ఐదింటిలో మొదట జబ్బుపడింది ఈరీయే.

కాలుష్య రకాలు

రోగకారక క్రిములు: శుద్ధి చేయని మురుగు వల్ల టైఫాయిడ్, విరేచనాల వంటివి వ్యాపిస్తాయి. చరిత్రలో మొదట గుర్తించిన సమస్య ఇదే.

పోషకాలు: భాస్వరం, నత్రజని మితిమీరితే నీటిలో శైవలాలు విపరీతంగా పెరుగుతాయి. దీన్ని యూట్రోఫికేషన్ అంటారు. పెరిగిన నాచు చచ్చి అడుగుకు చేరి కుళ్లుతుంది, ఆ కుళ్లడంలో నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ ఖర్చవుతుంది. వేసవిలో ఈరీ మధ్యభాగంలో పైన వెచ్చని పొర, అడుగున పలచని చల్లని పొర ఏర్పడి రెండూ కలవవు. అడుగు పొరలో ఉన్న కొద్ది ఆక్సిజన్ వేసవి ముగిసేలోపు అయిపోయి చేపలకు ఊపిరాడదు. నీలి ఆకుపచ్చ శైవలాలు అయితే మైక్రోసిస్టిన్ అనే కాలేయ విషాన్ని కూడా విడుదల చేస్తాయి.

విషరసాయనాలు: పీసీబీలు, డీడీటీ, పాదరసం, డయాక్సిన్లు ఈ కోవలోవి. ఇవి నీటిలో అతి తక్కువ మోతాదులో ఉన్నా ఆహారపు గొలుసులో పైకి పోయేకొద్దీ చిక్కనవుతాయి (చూ. జైవిక వృద్ధీకరణం). ప్లవకాల నుంచి చిన్న చేపలకు, వాటి నుంచి పెద్ద చేపలకు, వాటిని తినే పక్షులకు ఇవి చేరతాయి. వంకర ముక్కులతో పుట్టిన నీటికాకి పిల్లలు మహా సరస్సుల ఒడ్డున శాస్త్రవేత్తలను కలవరపెట్టాయి. కొన్ని విషాలు గాలిలో కూడా వస్తాయి. సుపీరియర్ సరస్సులోని ఐల్ రాయల్ ద్వీపంలో ఎలాంటి పరిశ్రమా లేని ఒక లోపలి సరస్సు చేపల్లో టాక్సాఫీన్ బయటపడింది. అది ఎక్కువగా అమెరికా దక్షిణాది పత్తి పొలాల్లో చల్లిన పురుగుమందు.

పరాయి జీవులు: వీటిని కాలుష్యంగా లెక్కించడంపై ఒకప్పుడు భిన్నాభిప్రాయాలు ఉండేవి. ఇప్పుడు ఒప్పందాలే వీటిని నాణ్యత సమస్యల్లో చేర్చాయి. రక్తం పీల్చే సీ లాంప్రే అనే దవడల్లేని చేప 1921 నాటికి ఈరీలో కనిపించింది. కాలువల ద్వారా ఎగువ సరస్సులకు చేరి ట్రౌట్ చేపల వేటను దెబ్బతీసింది. దాన్ని అదుపు చేయడానికే రెండు దేశాలూ 1955లో మహా సరస్సుల మత్స్య కమిషన్‌ను నెలకొల్పాయి. ఓడలు సమతూకం కోసం నింపుకునే బ్యాలస్ట్ నీటితో యూరప్ వైపు నుంచి వచ్చిన జీబ్రా ఆల్చిప్పలను 1988లో, హ్యూరన్, ఈరీల నడుమ ఉన్న సెయింట్ క్లెయిర్ సరస్సులో గుర్తించారు. ఇవి నీటిని వడగట్టి తేటగా చేస్తాయి. అయితే తేటనీరు మంచి నీరని చెప్పలేం. ఈ ఆల్చిప్పలు మైక్రోసిస్టిన్ తయారుచేసే శైవలాన్ని ఉమ్మేసి, దానికి పోటీగా ఉండే మిగతా నాచును తినేస్తాయి.

చరిత్ర

1909 ఒప్పందం

కెనడా తరఫున బ్రిటన్, అమెరికా 1909 జనవరి 11న సరిహద్దు జలాల ఒప్పందంపై సంతకం చేశాయి. దాని అసలు గురి నౌకాయానం, జలవిద్యుత్తు, నీటి మళ్లింపు. కాలుష్యం గురించి ఉన్నది నాలుగో అధికరణంలో ఒక్క వాక్యం: ఒక దేశం వైపు ఆరోగ్యానికి, ఆస్తికి హాని కలిగేలా రెండో దేశం నీటిని కలుషితం చేయరాదు. హాని అంటే ఎంత, ఎవరు కొలవాలి, కొలిచాక ఏం చేయాలి అన్నవి అందులో లేవు. అంతర్జాతీయ సంయుక్త కమిషన్ మాత్రం ఈ ఒప్పందం వల్లే పుట్టింది. ఆరుగురు సభ్యుల్లో దేశానికి ముగ్గురు చొప్పున ఉంటారు. వారు తమ ప్రభుత్వాల ప్రతినిధులుగా కాకుండా నిష్పాక్షికులుగా పనిచేయాలన్నది నియమం.

టైఫాయిడ్ విజృంభించడంతో 1912లో రెండు ప్రభుత్వాలూ కాలుష్యంపై విచారణను కమిషన్‌కు అప్పగించాయి. 1918లో నివేదిక వచ్చింది. సరస్సుల నడి నీరు చాలావరకు శుభ్రంగానే ఉందని, డెట్రాయిట్, నయాగరా నదులు మాత్రం తీవ్రంగా కలుషితమయ్యాయని అది తేల్చింది. మురుగు శుద్ధిపై తమకు అధికారం ఇవ్వాలని కమిషన్ కోరింది. 1920లో ముసాయిదా తయారైంది, ఒప్పందం కాలేదు. ఈలోగా తాగునీటిలో క్లోరిన్ కలపడం మొదలై టైఫాయిడ్ తగ్గింది. తాగే నీరు బాగుపడడంతో పారే నీటి గురించి తొందర పోయింది. ఆ తర్వాత సుమారు యాభై ఏళ్లు నగరాల మురుగు, కర్మాగారాల వ్యర్థాలు సరస్సుల్లోకే పోయాయి.

ఈరీ సంక్షోభం, 1972 ఒప్పందం

1960ల నాటికి ఈరీ తీరాల వెంట నాచు గుట్టలుగా పడేది. పత్రికలు దాన్ని చచ్చిన సరస్సు అని రాశాయి. ఆ మాట అంత సరైంది కాదు. సరస్సులో జీవం తగ్గలేదు, అవసరానికి మించి ఉంది. 1969 జూన్ 22న ఈరీలో కలిసే కయహోగా నది మీద తేలే చమురు తెట్టుకు క్లీవ్‌లాండ్ దగ్గర నిప్పంటుకుంది. ఆ నది అంతకుముందు కూడా చాలాసార్లు తగలబడింది, 1952 నాటి మంట ఇంకా పెద్దది. ఈసారి మాత్రం దేశమంతా పట్టించుకుంది.

ఈరీలో నాచు పెరగడానికి కారణంపై పెద్ద వివాదమే నడిచింది. బట్టల సబ్బు పొడుల్లోని ఫాస్ఫేట్లను శాస్త్రవేత్తలు తప్పుపట్టగా, శైవలాల పెరుగుదలను నిర్ణయించేది కార్బన్ అని పరిశ్రమ వాదించింది. ఒంటారియో వాయవ్య ప్రాంతంలో ప్రయోగాలకే కేటాయించిన చిన్న సరస్సుల్లో డేవిడ్ షిండ్లర్ బృందం దీన్ని పరీక్షించింది. 226వ నంబరు సరస్సును 1973లో ప్లాస్టిక్ తెరతో రెండు చేసి, ఒక వైపు కార్బన్, నత్రజని మాత్రమే కలిపారు. రెండో వైపు వాటికి తోడు భాస్వరం కూడా కలిపారు. భాస్వరం పడిన సగం పచ్చబడింది, మిగతా సగం మామూలుగా ఉంది. ఆకాశం నుంచి తీసిన ఆ ఫొటో వాదనను దాదాపు ముగించింది.

అప్పటికే, సంయుక్త కమిషన్ 1970లో ఇచ్చిన నివేదిక ఆధారంగా, 1972 ఏప్రిల్ 15న ఒట్టావాలో అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్, ప్రధాని పియెర్ ట్రూడో మహా సరస్సుల నీటి నాణ్యత ఒప్పందంపై సంతకం చేశారు. కెనడా 1970లోనే సబ్బు పొడుల్లో ఫాస్ఫేట్‌కు పరిమితి పెట్టింది. అమెరికాలో ఈ నిర్ణయం రాష్ట్రాలది కావడంతో పరిమితులు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఒహాయో, పెన్సిల్వేనియాలకు దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. పెద్ద మురుగు శుద్ధి కేంద్రాలు వదిలే నీటిలో భాస్వరం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదన్నారు. ఇందుకు రెండు దేశాలూ వందల కోట్ల డాలర్లు ఖర్చు చేశాయి.

సవరణలు

1978 నవంబరులో కొత్త ఒప్పందం వచ్చింది. నీటిని మాత్రమే చూస్తే చాలదని, నేల, గాలి, నీరు, జీవులు, మనుషులు కలిసిన జీవావరణ వ్యవస్థను చూడాలని అది చెప్పింది. మొండి విషాలను దాదాపు పూర్తిగా తొలగించాలన్నది లక్ష్యమైంది. ఈరీలోకి ఏటా చేరే భాస్వరం 11,000 టన్నులు దాటరాదని అంకె పెట్టారు. 1980ల్లో సరస్సు ఆ అంకెకు దిగి వచ్చింది, నాచు తగ్గింది, వాలై చేపల వేట మళ్లీ ఊపందుకుంది. 1909 నాటి వాక్యం అరవై ఏళ్లలో సాధించలేనిది ఒక అంకె పదేళ్లలో సాధించిందనడం అతిశయోక్తి కాదు.

1987 సవరణ కింద బాగా చెడిపోయిన 43 చోట్లను ఆందోళనకర ప్రాంతాలుగా గుర్తించారు. వీటిలో 5 రెండు దేశాలకూ ఉమ్మడివి. ప్రతిదానికీ పునరుద్ధరణ ప్రణాళిక తయారుచేయాలని, అందులో స్థానికులను చేర్చుకోవాలని నిర్దేశించారు. ఒంటారియోలోని కాలింగ్‌వుడ్ ఓడరేవు 1994లో అన్నిటికన్నా ముందు జాబితా నుంచి బయటపడింది. 2021 చివరికి 43లో బయటపడినవి 9. నది అడుగున పేరుకున్న విషపు ఒండ్రును తవ్వి తీసి భద్రపరచడం ఎంత ఖరీదైన, నిదానమైన పనో ఈ అంకె చెబుతుంది.

2012 సెప్టెంబరు 7న సంతకమైన సవరణ 2013 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. పరాయి జీవులు, జీవజాతుల ఆవాసాలు, వాతావరణ మార్పు ప్రభావాలు దానిలో కొత్తగా అనుబంధాలయ్యాయి. భూగర్భ జలాలు, పోషకాలు, ఓడల విడుదలలతో కలిపి మొత్తం అనుబంధాలు 10. ఆదివాసీ ప్రభుత్వాల పాత్రను కూడా ప్రస్తావించారు.

అమలు యంత్రాంగం

సంతకాలు చేసేవి రెండు కేంద్ర ప్రభుత్వాలు. పని చేయాల్సింది ఎక్కువగా 8 అమెరికా రాష్ట్రాలు, ఒంటారియో రాష్ట్రం, నగరపాలికలు. సంయుక్త కమిషన్‌కు ఎవరినీ శిక్షించే అధికారం లేదు. మూడేళ్లకోసారి పురోగతిని అంచనా వేసి బహిరంగ నివేదిక ఇవ్వడం దాని పని. డెట్రాయిట్‌కు ఎదురుగా కెనడా ఒడ్డున ఉన్న విండ్సర్‌లో దాని మహా సరస్సుల ప్రాంతీయ కార్యాలయం ఉంది. ఒకే పద్ధతిలో నమూనాలు తీయడం, ఒకే కొలతలు వాడడం, రెండు దేశాల శాస్త్రవేత్తలు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఈ యంత్రాంగం సాధించినవాటిలో ముఖ్యమైనవి. అంకెల మీద తగవు లేకపోతే బాధ్యత మీద చర్చ మొదలుపెట్టవచ్చు.

1972 నాటిదీ, తర్వాతవీ న్యాయశాస్త్ర రీత్యా సెనేట్ ఆమోదించిన సంధులు కావు. అవి కార్యనిర్వాహక ఒప్పందాలు. వాటిని ఉల్లంఘిస్తే కోర్టుకు ఈడ్చే వీలు లేదు. అమల్లో ఉన్న శక్తంతా ఆయా దేశాల సొంత చట్టాలది, ప్రజాభిప్రాయానిది.

ఈరీలో రెండో సంక్షోభం

1990ల మధ్య నుంచి ఈరీ పశ్చిమ భాగంలో నాచు మళ్లీ పెరగసాగింది. ఈసారి మురుగు శుద్ధి కేంద్రాలు దోషులు కావు. ఒహాయోలో సోయా, మొక్కజొన్న పొలాల నడుమ పారే మామీ నది ప్రధాన మార్గం. ఆ నేల ఒకప్పటి పెద్ద చిత్తడి. పొలాల కింద పాతిన డ్రైనేజీ గొట్టాల గుండా, వసంతకాలపు వానలకు ఎరువులోని కరిగిన భాస్వరం నేరుగా వాగుల్లోకి పోతుంది. కరిగిన రూపంలో ఉన్నదాన్ని శైవలాలు వెంటనే వాడుకుంటాయి.

2014 ఆగస్టులో ఈరీ ఒడ్డున ఉన్న టొలీడో నగరపు తాగునీటిలో మైక్రోసిస్టిన్ పరిమితిని మించింది. లీటరుకు 1 మైక్రోగ్రాము ఆ పరిమితి. 4 లక్షల మందికి పైగా జనం సుమారు మూడు రోజులు కుళాయి నీరు తాగలేదు. నీటిని మరిగించవద్దని కూడా అధికారులు హెచ్చరించారు. క్రిములైతే వేడికి చస్తాయి, ఈ విషం నశించకపోగా నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. 2015లో ఒహాయో, మిషిగన్, ఒంటారియో 2025 నాటికి భాస్వరాన్ని 40 శాతం తగ్గిస్తామని అంగీకరించాయి. 2016లో రెండు కేంద్ర ప్రభుత్వాలు 2008 స్థాయి ప్రాతిపదికగా అదే 40 శాతాన్ని లక్ష్యంగా తీసుకున్నాయి. 2019లో టొలీడో ఓటర్లు సరస్సుకు చట్టపరమైన హక్కులు ఇస్తూ తీర్మానించగా, మరుసటి ఏడాది ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టివేసింది.

గొట్టం చివర కనిపించే మురుగుకు అనుమతి పత్రం, పరిమితి, జరిమానా పెట్టవచ్చు. వేల పొలాల నుంచి వానతో కారేదానికి అలాంటిది కష్టం. అక్కడ రైతులకు ప్రోత్సాహకాలిచ్చి స్వచ్ఛందంగా మార్పు తేవడమే ఇప్పటిదాకా ప్రధాన విధానం. అది సరిపోదని విమర్శకులు, కట్టడి పెడితే సేద్యం గిట్టదని రైతు సంఘాలు వాదిస్తున్నాయి.

ఇతర సరిహద్దు సరస్సులు

బోడెన్ సరస్సు: జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల నడుమ ఉంది, వైశాల్యం 536 చ.కి.మీ. స్టుట్‌గార్ట్‌తో సహా సుమారు 40 లక్షల మందికి తాగునీరు ఇస్తుంది. దీని పెద్ద భాగంలో మూడు దేశాల సరిహద్దు ఎక్కడుందో ఈనాటికీ అందరూ ఒప్పుకున్న రేఖ లేదు. అయినా 1959లో జల పరిరక్షణ కమిషన్ ఏర్పడింది, 1960లో ఒప్పందం కుదిరింది. మురుగు శుద్ధితో 1970ల చివర లీటరుకు 80 మైక్రోగ్రాములు దాటిన భాస్వరం 10 లోపుకు దిగింది. పోషకాలు తగ్గి చేపలు కూడా తగ్గాయని జాలర్లు పరిమితి సడలించమన్నారు, కమిషన్ ఒప్పుకోలేదు. శుభ్రమైన నీటికీ నిండైన వలకూ మధ్య ఇక్కడ వైరుధ్యం ఉంది.

జెనీవా సరస్సు: ఫ్రాన్స్, స్విట్జర్లాండ్‌ల ఉమ్మడి కమిషన్ 1960ల తొలి ఏళ్ల నుంచి పనిచేస్తోంది. స్విట్జర్లాండ్ 1986లో బట్టల సబ్బు పొడుల్లో ఫాస్ఫేట్లను నిషేధించింది.

విక్టోరియా: 68,800 చ.కి.మీ. వైశాల్యంలో దాదాపు సగం టాంజానియాది, 40 శాతానికి పైగా ఉగాండాది, సుమారు 6 శాతం కెన్యాది. 1980ల చివర వచ్చిన గుర్రపు డెక్క 1990ల్లో రేవులను మూసేసి, పడవలను కదలనివ్వలేదు. కొల్లేరు, డెల్టా కాలువల్లో తెలుగువారికి బాగా తెలిసిన మొక్కే ఇది. దాన్ని తినే ముక్కుపురుగులను వదలడం వల్ల చాలావరకు తగ్గింది. పోషకాలు అలాగే ఉండడంతో మళ్లీ మళ్లీ లేస్తోంది. మూడు దేశాలూ 1994లో మత్స్య సంస్థను ఏర్పరచుకున్నాయి, 2003లో సుస్థిర అభివృద్ధి ప్రోటోకాల్‌పై సంతకం చేశాయి. ఇక్కడ సమస్య నియమాలది కాదు, మురుగు శుద్ధి కేంద్రాలు కట్టే డబ్బుది.

టాంగన్యికా: 1,470 మీటర్ల లోతున్న ఈ సరస్సుపై బురుండి, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం, టాంజానియా, జాంబియా 2003లో ఒడంబడిక చేసుకున్నాయి.

టిటికాకా: 3,812 మీటర్ల ఎత్తున పెరూ, బొలీవియాల మధ్య ఉంది. ఉమ్మడి స్వతంత్ర సంస్థ ఉన్నా పునో, ఎల్ ఆల్టో నగరాల మురుగు సరస్సును చేరుతూనే ఉంది.

కాస్పియన్: పేరుకు సముద్రం, స్వభావానికి బయటికి దారిలేని సరస్సు. ఐదు ఒడ్డు దేశాల టెహరాన్ ఒడంబడిక 2003లో కుదిరి 2006లో అమల్లోకి వచ్చింది. ఇక్కడ పెద్ద ఆందోళన చమురు తవ్వకాలు.

అంతర్జాతీయ చట్టం

ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం ఆధ్వర్యంలో 1992లో హెల్సింకిలో కుదిరిన జల ఒడంబడిక సరిహద్దు నదులు, సరస్సులు రెండింటికీ వర్తిస్తుంది. 2016 నుంచి అన్ని ఖండాల దేశాలూ అందులో చేరవచ్చు. ఐక్యరాజ్యసమితి 1997లో ఆమోదించిన అంతర్జాతీయ జలమార్గాల ఒడంబడిక 2014లో అమల్లోకి వచ్చింది. పొరుగుదేశానికి గణనీయమైన హాని చేయరాదన్న సూత్రం ఈ రెండింటిలోనూ ఉంది.

దేశంలోపలి పోలిక

ఆంధ్రప్రదేశ్, తమిళనాడు పంచుకునే పులికాట్ దేశాల మధ్య ఉన్న సరస్సు కాదు. అయినా ఒకే నీటికి ఇద్దరు యజమానులున్న చిక్కు అక్కడ కూడా ఉంది. 1956 నాటి అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టం నదులు, నదీ లోయల నీటికి సంబంధించినది. కాలుష్యం విషయంలో, పొరుగు రాష్ట్రాలు ఉమ్మడి కాలుష్య నియంత్రణ మండలిని ఏర్పరచుకునే వీలును 1974 జల కాలుష్య చట్టం 13వ విభాగం కల్పించింది. (చూ. కొల్లేరు, పులికాట్, యూట్రోఫికేషన్)

ప్రస్తుత స్థితి

బ్యాలస్ట్ ట్యాంకులను సముద్రంలోనే ఉప్పునీటితో కడగాలన్న నిబంధనను కెనడా 2006లో, సరస్సులను సముద్రంతో కలిపే జలమార్గపు (సీవే) అమెరికా వైపు అధికారులు 2008లో పెట్టారు. ఆ తర్వాత మహా సరస్సుల్లోకి ఓడల ద్వారా కొత్త జీవుల రాక బాగా తగ్గింది. పీసీబీ, డీడీటీల మోతాదు 1970లతో పోలిస్తే చేపల్లో ఎంతో పడిపోయింది, బట్టతల గద్దలు ఒడ్డుకు తిరిగి వచ్చాయి. అయినా పెద్ద చేపలను ఎంత తినవచ్చో చెప్పే హెచ్చరికలు నేటికీ అమల్లో ఉన్నాయి. మామీ నది మోసుకొచ్చే భాస్వరం 40 శాతం తగ్గుదల లక్ష్యానికి 2025 గడువు నాటికి చేరలేదు.